నాలుగో దినం

తెల్లారి నాలుగ్గంటలకు
పెద్దాసుపత్రి వెనక గేటు దగ్గర
మొగిలమ్మ పొయ్యి అంటిస్తుంది.
పొగ కాసేపు.
తరవాత సొంటి.

నేను లోపల, ల్యాబులో, రాత్రి డ్యూటీ.
జనం దగ్గి ఇచ్చిన డబ్బాల్లోంచి
పుల్లతో కాస్త తీసి గాజుపలక మీద పూసి
ఎర్రరంగు పోసి, కాచి, కడిగి, నీలం పోసి
ఒంటికన్నుతో వెతుకుతాను.
నీలంలో ఎర్రటి పుల్లలు కనబడితే
కాగితం మీద ఒక గుర్తు.
ఆ గుర్తు పెట్టిన చేతినే
సబ్బుతో రెండుసార్లు తోముకుని
ఆమె గ్లాసు పట్టుకుంటాను.

"ఎన్ని దినుసులు వేస్తావు మొగిలక్కా?
కొండకొకటి లెక్కన ఏడేనా?"
"పదకొండు సామీ.
కొండలు నా లెక్కలోకి రావు."

సొంటి బేరివీధిలో కొంటుంది, కొరికి చూసి.
మిరియాలు నీళ్లలో వేసి
తేలినవన్నీ బొప్పాయి గింజలని
అంగడాయనకే తిరిగిచ్చేస్తుంది.
అడ్డసరం ఆకు మాత్రం కొనదు,
కరకంబాడి దారిలో కంచె పక్కన
ఎవరూ నాటంది కోసుకొస్తుంది
కోసేముందు చెట్టుకు చెప్పి.
పిప్పళ్లు, అతిమధురం, ధనియాలు, వాము,
కాడలతో సహా తులసి,
గోరంత పచ్చిపసుపు కొమ్ము, తాటిబెల్లం.
పదకొండోది అడిగితే
వంగి పొయ్యి ఊదుకుంటుంది.

ఎనిమిది చెంబులు పోస్తే ఒక చెంబు మిగలాల.
"తక్కిన ఏడూ ఏమైనట్టు?"
"గాల్లో కలిసినాయి.
దుడ్లు లేనోళ్లు పీల్చుకుంటారు."

కొండ దిగిన గుండ్లు వస్తాయి,
గంధం ఆరకముందే తుమ్ములు.
గోవిందా గోవిందా అని
గొంతు మెట్లమీదే వదిలేసొచ్చిన పెద్దాయన
వేళ్లతో రెండు అంటాడు.
పలమనేరు బస్సు డ్రైవరు
రాత్రి తిన్న కారం ఇంకా రగులుతుంటే
ఒట్టి ధనియాల నీళ్లు అడుగుతాడు.
పురుటిగది ముందు తెల్లార్లూ నిలబడ్డ మామగారికి
జబ్బేమీ లేదు,
చేతిలో వేడిగా ఏదో ఒకటి ఉండాల, అంతే.

అందరికీ పోస్తుంది.
దగ్గేవాళ్లకు మాత్రం గ్లాసుతో పాటు ఒక మాట.
"మూడు దినాలు నాది.
నాలుగో దినం వాళ్లది"
అని గరిటెతో ఆసుపత్రిని చూపిస్తుంది.

ఆ లెక్క ఎక్కడిదో
బేరం లేని ఒక వానరాత్రి చెప్పింది.
మొగుడు చెంగల్రాయుడికి నలభై దినాలు పోసిందట
చిక్కగా, ఇంకా చిక్కగా.
గరగర తగ్గింది. నిద్ర పట్టింది.
"తగ్గతా ఉండాదిలే" అన్నాడట.
నలభై ఒకటో దినం
దిండు మీద ఎర్రగా.

"కషాయం అబద్ధం చెప్పలేదు సామీ.
దానికి తెలిసింది అది చెప్పింది.
దానికి తెలవనిది
నేను దాంతో చెప్పించినా."

మొన్న మంగళవారం
ల్యాబు కిటికీలోంచి ఒక డబ్బా పెట్టింది,
మూతమీద తులసాకు.
"ఎవరిది?"
"నాదే. ఇయ్యాల నాలుగు."

నూరుచోట్ల చూస్తే చాలంటారు.
నేను మూడొందల చోట్ల చూశాను.
నీలం. నీలం.
ఒకచోట ఎర్రగా ఏదో,
ఊపిరి బిగబట్టి స్క్రూ తిప్పితే
రంగు మరక.
ఆ తరవాత కూడా నీలమే.

పరిగెత్తినంత పని చేసి వెళ్లి
ఏమీ లేదక్కా అన్నాను.
రేపు పొద్దున ఇంకొక డబ్బా ఇవ్వాలి,
రెండూ చూస్తేగానీ చెప్పకూడదు అని కూడా అన్నాను.
కొంగులోకి మొహం తిప్పి దగ్గింది.
నేను లెక్కపెట్టాను, మూడుసార్లు.

"నీ అద్దం గూడా అంతేనా,
దానికి తెలిసిందే చెప్తాదా?"

జవాబు రాలేదు నాకు.
గ్లాసు చేతికిచ్చింది.
కారం ముందు, తీపి తరవాత,
ఆ రెంటి మధ్య ఎక్కడో
పదకొండోది నాలుకకు తగిలినట్టే తగిలి
ఏమిటో తెలిసేలోపు
దిగిపోయింది.